మనం అడిగిందే మనకిచ్చారు

ఘంటసాల పాత పాటల రీమాస్టర్ పెట్టుకుని, ఏదో తేడాగా ఉందంటాం. గొంతు మీదకొచ్చి పడుతుంది, వెనకాల వీణ ఎటు పోయిందో తెలీదు. కంపెనీలు చెడగొట్టాయని తిట్టుకుంటాం. వాళ్ల తప్పు లేదనను. కానీ వాళ్లు చేసినదంతా మనం అడిగిందే.

మనకు గరగర గిట్టలేదు. 78 ఆర్‌పీఎం లక్క రికార్డు తిరుగుతుంటే వచ్చే ఆ చప్పుడు పోవాలన్నాం. అది ఎక్కువగా వినబడే పై స్థాయిలోనే స, శ, షల పదునుంటుంది. తీగ మీటాక మిగిలే మెరుపు, చరణం ఎత్తుకోబోయే ముందు గాయకుడు పీల్చే గాలి కూడా అక్కడే. గట్టిగా తుడిస్తే అన్నీ కలిసే పోతాయి. కొత్త గాయకులు శకారం సరిగా పలకలేదని విరుచుకుపడే మనమే, ఘంటసాల శకారం మొద్దుబారితే ఊరుకున్నాం. గమనించలేదా అంటే, గమనించాం. గరగర లేదు కదా అని సర్దుకున్నాం.

తర్వాత మోత. ‘పుష్పవిలాపం’ లాంటి పద్యంలో గొంతు తగ్గిన చోటు ఎంత ముఖ్యమో, రాగం తీసి లేచిన చోటూ అంతే ముఖ్యం. మనకేమో బస్సులోనూ బండి మీదా వినబడాలి. అందుకని సన్నటి చప్పుళ్లు పెంచి, పెద్దవి అణిచి, రోడ్డు రోలరు తొక్కినట్టు చదును చేశారు. సౌండు అదిరిందన్నాం.

అంతకుముందూ మనం బుద్ధిమంతులమేం కాదు. చీటీ మీద పాటలు రాసిచ్చి, రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్లు నింపించుకున్నాం. కాపీకి కాపీ. ఎంపీ3 రాగానే డిస్కులో ఎన్ని పాటలున్నాయో లెక్కపెట్టాం. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుంటే, మనం సంబరపడి కొన్న 128 కిలోబిట్ల ఫైల్లో ఉన్నది దాదాపు పదకొండో వంతు. సేకరించిన పెద్దాయన పోతే, ఆయన రికార్డులు పాతసామాన్ల బండెక్కాయి. ఇల్లు ఇరుకని చెప్పుకున్నాం, అదీ నిజమే.

1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, డీటీఎస్‌లో విడుదల చేస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాం. రంగుల గురించి వాదించుకున్నంతగా శబ్దం గురించి మాట్లాడుకోలేదు. గొంతుకూ వాద్యానికీ నడుమ తూకమంతా మోనోలోనే కుదిర్చిన సినిమా అది.

రీమాస్టర్లన్నీ చెడ్డవని కాదు. మంచి టేపు, చెవీ ఓపికా ఉన్న ఇంజినీరు దొరికిన చోట చక్కగానే వచ్చాయి. ఏ టేపు నుంచి తీశారు, ఎవరు చేశారని అట్ట తిరగేసి చూసిన కొనుగోలుదారులే మనలో తక్కువ.

అటక మీద రికార్డులుంటే కిలోల లెక్కన ఇచ్చేయకండి. కొత్తగా వచ్చే ప్రతి ఆల్బమ్ మీదా మూలం ఏదో అచ్చువేయమని అడగండి. గరగరతో సహా, తుడవని మోనో కూడా పక్కనే పెట్టమని అడగండి.