అంగీ ముందు, సౌండ్ బాక్స్ తర్వాత



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో రెండు మాటలే: ఏం కొన్నారు, ఏ కొత్త పాట నేర్చుకున్నారు? రెండూ మంచివే. పిల్లలకు పండుగ బట్టలు కావాలి, కేరల్స్‌కు పాట కావాలి. అయితే చేతిలో ఉన్న నాలుగు రూపాయలు ముందు దేనికి పోవాలన్నదే మన ప్రశ్న.

పౌలు కూడా చలికాలానికి ఒక చీటీ రాశాడు. రెండవ తిమోతి నాలుగవ అధ్యాయం తీయండి. చెరసాలలో ఉండి, త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని తెమ్మన్నాడు. పుస్తకాలు తెమ్మన్నాడు. చలికాలం రాకముందే నువ్వు రా అని తిమోతిని అడిగాడు. అంత గొప్ప అపొస్తలుడు నాకు ప్రార్థన చాలు, అంగీ ఎందుకు అనలేదు. కొత్తది కూడా అడగలేదు, ఉన్నదే తెమ్మన్నాడు. ఒంటికి అంగీ, మనస్సుకు పుస్తకం, పక్కన ఒక మనిషి: ఇదీ ఆయన లిస్టు.

ఇప్పుడు మన ఊళ్లు చూద్దాం. జగిత్యాల పల్లెల్లో యాసంగి నాట్లకు ఆడవాళ్లు మంచు విడవకముందే చల్లటి మడిలో దిగుతారు. కోరుట్లలో బీడీలు చేసే అక్కలకు చలికి వేళ్లు వంగవు. కూలి వెయ్యి బీడీల లెక్కన గనుక, చేయి ఆగితే కూలీ ఆగుతుంది. సిరిసిల్లలో పదిమందికి బట్ట నేసే అన్న, నైట్ డ్యూటీ దిగి పల్చటి చెద్దరు కప్పుకొని ఇల్లు చేరతాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ మొదలైనప్పుడు సాంచెలు జోరుగా నడిచాయి. ఆర్డర్ లేని నెలల్లో ఆగాయి. సాంచె ఆగిన ఇంట్లో పండుగ బట్టలు అప్పు మీదనే వస్తాయి.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో, పేదవాడు తాకట్టు పెట్టిన బట్టను పొద్దుగూకేసరికి తిరిగి ఇచ్చేయాలని ఆజ్ఞ ఉంది. రాత్రి అతడు కప్పుకోవాలి గదా! అప్పు కంటే చలిని ముందు చూసిన దేవుడు మన దేవుడు. అలాంటి దేవుని పండుగ పేరుతో బీదవాళ్లు అప్పులపాలయ్యే ఆచారాన్ని సంఘమే పెంచకూడదని మా అభిప్రాయం. కొత్త చీర లేదని ఒక అక్క క్రిస్మస్ ఆరాధనకు రాకపోతే, ఆ సిగ్గు ఆమెది కాదు, మనందరిది.

ఇక పాటలు. ఫోన్లలో వచ్చే కొత్త పాటలంటే మాకూ ఇష్టమే. యూత్ నేర్పితే మేమూ గొంతు కలుపుతాం. కానీ 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలను మన పెద్దలు కంజీర, తాళాలతోనే పాడుకున్నారు. కరెంటు పోయినా ఆగని పాటలవి. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల మధ్యరాత్రి పాడితే ఖైదీలు విన్నారు. అక్కడ ఏ బాక్స్ ఉంది?

కాబట్టి ఈ నెల ఒక పని చేద్దాం. సౌండ్ బాక్స్ చందా కంటే ముందు చెద్దర్ల చందా ఎత్తుదాం. చీర కొనేటప్పుడు సిరిసిల్ల నేత ఉందా అని అడుగుదాం. కేరల్స్‌కు పోయే రాత్రి రెండు చెద్దర్లు చంకన పెట్టుకొని పోదాం. ఒంటరి అవ్వ వాకిట్లో పాట అయిపోగానే లేచి రాకుండా, చెద్దరు కప్పి, కాసేపు ఆమె పక్కన కూర్చుందాం. పౌలు అంగీతో పాటు మనిషిని కూడా రమ్మన్నాడు గదా!

ఈ చలికాలమంతా దేవుడు మిమ్మల్ని, మీ పిల్లలను కాచి కాపాడును గాక. ఆమేన్.