పరిహారం దానం కాదు, హక్కు

దూది ఏకడం మన దూదేకుల కుటుంబాలకు తరతరాల జీవనాధారం. పరుపుల పని సన్నగిల్లాక వారిలో కొందరు జిన్నింగు, స్పిన్నింగు మిల్లులలో కూలీలయ్యారు. వృత్తి మారినా పత్తి ధూళి వారిని వదలలేదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు తెచ్చే వ్యాధి బిస్సినోసిస్. వారపు సెలవు ముగిసి పనిలోకి వెళ్ళిన రోజున ఛాతీ బిగపట్టడం దాని తొలి లక్షణం. ఉబ్బసమని భావించి ఏళ్ళు గడిపేసేవారున్నారు.

1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలులో ఈ వ్యాధి ఉండేది. వృత్తి వ్యాధుల జాబితా 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ కొనసాగింది. నిర్ణీత కాలం ఆ పని చేసినవారికి ఈ వ్యాధి సోకితే అది పనివల్లనే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించవలసినది యజమానియే. ఈఎస్ఐ చందాదారులు ఆ సంస్థనుండే ప్రయోజనం కోరాలి.

మరి పరిహారం ఎందుకు అందడం లేదు? దస్త్రాల నడుమ జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: కార్యాలయంలో కాగితం లేని నిజం నిలువదు. మేస్త్రీ ద్వారా చేరిన కూలీ పేరు హాజరుపట్టీలో ఉండదు. ఆసుపత్రి చీటీలో ‘ఆయాసం’ అని ఉంటుందేగాని అతడు చేసిన పని ఉండదు.

కనుక వేతన చీటీలు, గుర్తింపు కార్డులు, ఎక్స్‌రేలు భద్రపరచండి. చీటీలో వృత్తిని, పనిచేసిన సంవత్సరాలను వ్రాయమని వైద్యుణ్ణి అడగండి. గడువు దాటకముందే దరఖాస్తు చేయండి. మరణించిన కార్మికుని భార్యకు చందాలు పోగుచేసి ఇచ్చే మస్జిద్ కమిటీలు, అతడు బ్రతికుండగానే ఆ దరఖాస్తు వ్రాసిపెడితే ఎంత మేలు!