వేస్ట్ అయిందా, వేస్ట్ చేశామా?

పెద్దలు, పిల్లలు అన్న భేదం లేకుండా మన ఇళ్లలో నిత్యం వినిపించే ఆంగ్లపదం ‘వేస్ట్’. అన్నం వేస్ట్ అయింది, డబ్బు వేస్ట్ అయింది, ఆదివారమంతా వేస్ట్ అయింది అంటూ ఉంటాం. ఈ నెల ఆ పదం పుట్టుకను, దుబారా గురించి దివ్యఖుర్ఆన్ వాడిన రెండు పదాల పుట్టుకను పక్కపక్కన ఉంచి పరిశీలిద్దాం.

‘వేస్ట్’కు మూలం లాటిన్ భాషలోని ‘వాస్టస్’. శూన్యమైనది, పాడుపడినది అని దాని అర్థం. ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చిన ఈ పదం మనుషులు నివసించని బీడుభూమికి పేరయింది. ఈ పదం చూపేది మిగిలిన బీడునే. భూమిని బీడు చేసినవారెవరో అది చెప్పదు. మనం దానికి ‘అయింది’ అన్న క్రియను కూడా చేర్చుకున్నాం. అన్నం తనంతట తానే వేస్ట్ అయిపోయినట్లు, అందులో మన చేయి ఏమీ లేనట్లు!

దివ్యఖుర్ఆన్ పదాలు అలా కావు. మొదటిది ‘ఇస్రాఫ్’. ఏ పనిలోనైనా హద్దు మీరడమే ఇస్రాఫ్ అని, ఖర్చు విషయంలో ఈ మాట ఎక్కువగా ప్రసిద్ధమని ఇమామ్ రాగిబ్ (రహ్మలై) తమ ఖుర్ఆన్ పదకోశంలో వివరించారు. తినమని, తాగమని అనుమతించిన ఆయతులోనే అల్లాహ్ హద్దు మీరవద్దని ఆదేశించాడు (7:31). రెండవది ‘తబ్జీర్’. అరబీలో ‘బజ్ర్’ అంటే విత్తనం. విత్తనాలను వెదజల్లడమే తబ్జీర్ అసలు అర్థం. సొమ్మును విచ్చలవిడిగా విరజిమ్మేవానికి ఆ పదం వర్తించింది. అయితే రైతు చల్లిన గింజ మొలకెత్తుతుంది, దుబారాకోరు చల్లినది మొలకెత్తదు. ఈ రెండు పదాలూ చేసినవానిని వేలెత్తి చూపుతాయి. ఒకడు ముస్రిఫ్, మరొకడు ముబజ్జిర్.

తబ్జీర్‌ను వారించిన ఆయతు ముందుగా బంధువుకు, నిరుపేదకు, బాటసారికి వారి హక్కును ఇవ్వమంటుంది. దుబారా చేసేవారు షైతాను సోదరులన్న హెచ్చరిక ఆ తరువాతే వస్తుంది (17:26, 27). అంటే మనం పారవేసే దానిలో మరొకరి హక్కు ఉండవచ్చు. ఒక వ్యక్తి తన సంపదనంతా న్యాయమైన మార్గంలో ఖర్చు చేసినా అది తబ్జీర్ కాదని, అన్యాయమైన మార్గంలో ఒక్క ‘ముద్ద్’ ఖర్చు చేసినా అది తబ్జీరేనని ముజాహిద్ (రహ్మలై) వివరించారు. ముద్ద్ అంటే సుమారు దోసెడు. దైవప్రవక్త (సఅసం) వజూకు వాడిన నీరు కూడా ఆ ముద్దెడేనని హదీసు తెలుపుతోంది. కొళాయి తిప్పి వదిలేసి వజూ చేసే మనం ఒక్కసారి లెక్క చూసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, తినడానికి పనికిరాని భాగాలతో కలిపి 2022లో ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం గృహాలలోనే! హోటళ్లను, వలీమా విందులను నిందించే ముందు మన వంటింటి చెత్తబుట్ట మూత తెరిచి చూడాలి. బిర్యానీ మిగిలినప్పుడు ‘వేస్ట్ అయింది’ అనకుండా ‘మేము వేస్ట్ చేశాము’ అని పలికి చూడండి. ఆ వాక్యం నోట రావడం కష్టం. ఆ కష్టమే రేపు బియ్యం కొలిచే చేతిని అదుపులో ఉంచుతుంది.

మరొక మాట. అన్నం విషయంలో మనల్ని కాపాడుకోవడానికి వాడే ఈ పదాన్నే పరీక్ష తప్పిన కుమారునిపై విసురుతాం: “నువ్వు వేస్ట్!” ఆదం సంతతికి అల్లాహ్ గౌరవం ప్రసాదించాడు (17:70). తమ ఆత్మలపైనే ఇస్రాఫ్ చేసుకున్నవారిని సైతం ఆయన ‘నా దాసులారా’ అని పిలిచి, తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నాడు (39:53). తప్పు చేసినవారినే ఆయన బీడుగా వదిలేయలేదు. లెక్కలో నాలుగు మార్కులు తగ్గిన బిడ్డను బీడు అనడానికి మనకు అధికారం ఎక్కడిది?