గునుగు పూలలో నీళ్ల చరిత్ర

సముద్రంలోంచి లేచి టోక్యోను తొక్కేసిన గాడ్జిల్లాతో చరిత్రకారుడికేం పని? అమెరికాలో జపాన్ చరిత్ర చెప్పిన ఆచార్యుడు విలియం సుత్సుయి ఆ పనిని ఎంతో శ్రద్ధగా చేశారు. యుద్ధకాలపు జపాన్ ప్రకృతికి ఏమైందో 2003లో ఒక వ్యాసంలో రాశారు. విమానాల ఇంధనం కోసం పైన్ చెట్ల వేళ్లు తవ్వి కాచిన సంగతి, తిండికి లేక పిట్టలను వలపన్ని పట్టిన సంగతి అందులో ఉన్నాయి. మరుసటి ఏడే గాడ్జిల్లా మీద పుస్తకం తెచ్చారు. అడవి చరిత్ర రాసిన చేత్తోనే సినిమా చరిత్రా రాయడం మాకు నచ్చింది.

1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ పేలుడు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద కురిసి, అందులోని 23 మందీ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో ఒకరు చనిపోయారు. నవంబరులో గాడ్జిల్లా సినిమా విడుదలైంది. 1971 నాటికి గాడ్జిల్లా తలపడింది హెడోరాతో. అది మురికిలో పెరిగిన భూతం. అప్పటికే జపాన్‌లోని మినమాత అనే ఊళ్లో పాదరసం పట్టిన చేపలు తిని జనం కాళ్లూ చేతులూ పడిపోయాయి. 1970లో జపాన్ పార్లమెంటు ఒక్క సమావేశంలో 14 కాలుష్య చట్టాలు చేసింది. చట్టాల తేదీలు గెజిట్‌లో దొరుకుతాయి. జనం దేనికి భయపడ్డారో తెలియాలంటే సినిమా హాలుకే పోవాలి.

సినిమాలో, పాటలో జనం భయాన్ని వెతికే ఈ చూపు మన పెన్‌పహాడ్ మండలానికీ కావాలి. ఇక్కడి నాగులపహాడ్‌లో కాకతీయుల కాలపు శివాలయాలున్నాయి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఉంది. ఆ రాళ్లను చదివి రాసిన పెద్దలున్నారు, వాళ్లకు దండం. నీళ్లు మారినప్పుడు పాటలో, పండగలో ఏం మారిందో రాసినవాళ్లు మాత్రం తక్కువ.

బతుకమ్మలో పేర్చే గునుగు పూవునే చూడండి. అది మెట్ట చేలలో, జొన్న సాళ్ల నడుమ మొలిచే కలుపు. నిలవనీటి వరిమడిలో బతకదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట భూములెన్నో మాగాణి అయ్యాయి. బతుకమ్మ పేర్చే అమ్మలను అడగాలి: గునుగు కోసం ఎంత దూరం పోవలసి వచ్చింది? పూలు కొనుక్కోవడం ఎప్పుడు మొదలైంది? తంగేడు ఏ గుట్ట మీద మిగిలింది? ఈ జవాబులు ఊరూరా పోగేస్తే కాలువ వచ్చిన తీరు, కలుపు మందు వచ్చిన తీరు బయటపడతాయి. ఫైళ్లలో ఎకరాలే ఉంటాయి, ఈ లెక్క ఉండదు. అలాగే దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతులస్వామి జాతరకు వచ్చే గొల్ల పెద్దలను అడగాలి, బీళ్లు పొలాలయ్యాక మందలను ఏ దారిన తోలుకుపోయారని.

పాటను సాక్ష్యంగా తీసుకోవడమంటే పాట చెప్పిందల్లా నమ్మడం కాదు. వానల లెక్క, భూమి రికార్డు పక్కన పెట్టి చదవాలి.

మూసీ మాట తలచుకుంటే బాధ కలుగుతుంది. 1908 వరద గురించి, దాని వెంట వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల గురించి హైదరాబాద్ ఎంతో రాసుకుంది. ఆ నగరం మురుగును మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఈ నది ఒడ్డున ఎన్నో ఊళ్లు బతుకుతున్నాయి. వాళ్ల భయం ఏ కథలో ఉంది? మన హెడోరా ఏది? మినమాత బాధను ఇషిమురె మిచికో అనే గృహిణి 1969లో పుస్తకంగా రాసింది. 2013లో పాదరసంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. పటిక, సున్నంతో తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ’ పేరు ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ ఫ్లోరైడ్ బాధను రాయడానికి నల్లగొండకూ ఒక ఇషిమురె కావాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల చరిత్ర అధ్యాపకులకు మా విన్నపం. వచ్చే బతుకమ్మకు మీ విద్యార్థుల చేత తమ ఊరి పాటలు, పేర్చిన పూల పేర్లు, పూడిపోయిన కుంటల పేర్లు రాయించండి. పాడిన అమ్మ ఒప్పుకుంటే ఆమె పేరు, ఏ కాలం సంగతి చెప్పిందో కూడా రాయించండి. మాకు పంపండి, ఊరి పేరుతో సహా అచ్చు వేస్తాం.