తనిఖీలు చాలు, తోడు కావాలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ దగ్గరికి మొదటి నెలలో ఎంతమంది వస్తారో ఒకసారి లెక్క వేయండి. అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజర్ వస్తుంది. పిల్లల బరువులు పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించావా అని అడుగుతుంది, గుడ్ల స్టాకు చూస్తుంది. ప్రాథమిక పాఠశాల అయితే సీఆర్పీ వస్తాడు, మండల ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, ఫొటో పెట్టమని వాట్సాప్ గ్రూపులో మెసేజి వస్తుంది. వీళ్లలో ఒక్కరైనా ఆమె పక్కన చాప మీద కూర్చుని, "ఆ మూలన ఏడుస్తున్న పిల్లను ఎట్లా ఊరుకోబెట్టాలో చూపిస్తా రామ్మా" అన్నారా? ఇన్నేళ్ల సర్వీసులో అట్లా అన్నవాళ్లను మేం వేళ్ల మీద లెక్కపెట్టగలం.

మెంటర్ అనే మాట మాత్రం కాగితాల మీద బాగానే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇస్తామంది. ఇంటర్ చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా. అదీ టీవీ ఛానళ్ల ద్వారా, స్మార్ట్‌ఫోన్ల ద్వారా. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే గూడేల సంగతి రాసినవాళ్లకు ఎవరు చెప్పాలి? ఈ శిక్షణకు క్లస్టర్ రిసోర్స్ సెంటర్లు మెంటరింగ్ చేస్తాయట. నెలకు కనీసం ఒక కాంటాక్ట్ క్లాసు పెడతాయట. ఆ క్లాసు దేనికి? నిరంతర మూల్యాంకనానికి! అంటే తోడు ఉండాల్సిన మనిషి చేతికే మార్కుల పుస్తకం ఇచ్చారు. మార్కులు వేసేవాడి ముందు "సార్, నాకిది రావడం లేదు" అని ఏ కొత్త టీచర్ నోరు విప్పుతుంది?

మూడేళ్ల గోండు పిల్ల "ఏర్" అంటే దాహమేస్తోందని. తెలుగు మాత్రమే తెలిసిన టీచర్‌కు అది ఊరవతల పారే ఏరు. పిల్ల మూడుసార్లు అడుగుతుంది, నాలుగోసారి అడగడం మానేస్తుంది. అట్లా నోరు మూసుకున్న పిల్లకే తర్వాత మందకొడి అని పేరు పడుతుంది. అదే గదిలో పొయ్యి దగ్గరున్న ఆయాకు ఆ మాట తెలుసు. కానీ ఆయా పని వండడం, ఊడవడం అని రాసిపెట్టారు కాబట్టి ఆమెను ఎవరూ అడగరు. మేమంటాం, ఆ గూడెంలో కొత్త టీచర్‌కు మొదటి మెంటర్ ఆ ఆయానే. డిప్లొమా ఉన్నవాళ్లం, ఏడో తరగతి చదివిన ఆడమనిషి దగ్గర నేర్చుకునేదేమిటని మొహం చిట్లించేవాళ్లు ఏజెన్సీలో పోస్టింగు అడగకపోవడమే మంచిది.

మనవాళ్లకు కూడా ఒక మాట. ఆదివాసీగా పుడితే చాలు, ఆదివాసీ పిల్లలకు చెప్పడం దానంతటదే వస్తుందనుకోవద్దు. గోండు టీచర్ కొలాం గూడేనికి పోతే అక్కడ తనూ పరాయి భాషవాడే. సొంత గూడెంలో పనిచేసినా భాష రావడం వేరు, నాలుగేళ్ల పిల్లల మధ్య ఒక పూట గడపడం వేరు. డైట్ కాలేజీలో పియాజే గురించి చెప్పారు, పాఠ్యపథకాలు రాయించారు. చెల్లెల్ని చంకనెత్తుకుని బడికొచ్చే ఆరేళ్ల పిల్లను ఏం చేయాలో చెప్పలేదు. చెల్లెల్ని ఇంటి దగ్గర వదిలి రమ్మంటే రేపటి నుంచి అక్క కూడా రాదు. ఇద్దరినీ కూర్చోబెట్టుకోవాలి, చిన్నదాని చేతికి ఆడుకోను ఒక సొరకాయ బుర్ర ఇవ్వాలి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే తల్లి వెంట అడవికి పోయి వచ్చిన పిల్లవాడు పదింటికే తూగుతుంటాడు. వాణ్ని లేపొద్దు, కాసేపు పడుకోనివ్వాలి. దండారి రోజుల్లో పిల్లల కాళ్లు ఊరికే ఉండవు, ఆ అడుగులతోనే అంకెలు మొదలుపెట్టొచ్చు. ఇంట్లో పలక చూడని పిల్లకు మొదటిరోజే బలపం ఇచ్చి దిద్దమనొద్దు, వారం రోజులు మట్టి పిసకనివ్వాలి. ఇవి ఏ మాడ్యూల్లోనూ లేవు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆ గదుల్లో గడిపినవాళ్ల దగ్గర ఉన్నాయి.

మన దగ్గర ఏ విద్యయినా అట్లాగే కదా వచ్చింది! తోటి, పర్ధాన్ ఇళ్లలో పిల్లవాడు పెద్దవాళ్ల పక్కన కూర్చునే కిక్రి పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎవరూ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించలేదు.

బడి విషయంలోనూ ఇది కొత్త కోరిక కాదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక గానీ ఈ అడవిలో మనుషులున్నారని నిజాం ప్రభుత్వానికి గుర్తు రాలేదు. హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. నాలుగు అక్షరాలు వచ్చిన గోండులు దొరకడమే కష్టమైన కాలమది. అయినా వాళ్లనే కూర్చోబెట్టి నేర్పారు, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వేశారు, అక్కడ తయారైనవాళ్లు గూడేల్లో బడులు నడిపారు. పథకం బయటివాళ్లదే అయినా మనిషిని తయారుచేయకుండా బడి తెరవకూడదన్న సంగతి వాళ్లకు తెలిసింది.

అరవై ఏళ్ల తర్వాత, 2004 ప్రాంతంలో, ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. సంతోషించాం. కానీ పుస్తకం వచ్చినంత తేలిగ్గా, దాన్ని పిల్లల ముందు వాడి చూపించే మనిషి రాలేదు. మేం చూసిన కొన్ని బడుల్లో ఆ కట్టలు విప్పకుండానే బీరువాల్లో చెదలు పట్టాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి, వెనుక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఆ జీవోతో ఇరవైల్లో చేరినవాళ్లం ఇప్పుడు నలభైల్లో ఉన్నాం. ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లలో ఒక్కొక్కరం రిటైరవుతాం. సొరకాయ బుర్ర సంగతి, ఇప్పపూల నిద్ర సంగతి అప్పటికి ఎవరికి తెలిసుంటుంది? కొత్త చట్టం కోసం పోరాడాల్సిందే. ఆ పోరాటం గెలిచేలోపు మన దగ్గరున్నది చేతులు మారకపోతే, గెలిచిన రోజున మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

ప్రభుత్వం మన పిల్లల గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టింది. ద్రోణుడు చదువు చెప్పనన్న పిల్లవాడు అతను. మట్టిబొమ్మ ముందు తనంతట తాను నేర్చుకున్నాడు, చెప్పని చదువుకు బొటనవేలు ఫీజు కట్టాడు. ఏకోపాధ్యాయ బడిలో, సిగ్నల్ లేని ఫోన్‌లో ట్రైనింగు వీడియో ముందు కూర్చున్న కొత్త టీచర్ పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉందా?

ఆర్డరు కోసం చూస్తూ కూర్చోవద్దు. సీనియర్లు ఒక్కొక్కరు ఒక్కరిని పట్టుకోండి, ఒక్కరు చాలు. నెలకు ఒక పూట వాళ్ల బడిలో, ఒక పూట మీ బడిలో. చూసింది రిపోర్టు రాయొద్దు, ఎవరికీ చెప్పొద్దు. కొత్తవాళ్లారా, పిలిచేదాకా ఆగకండి. "అక్కా, మీ బడిలో ఒక పూట కూర్చుంటా" అని మీరే అడగండి. అడగడం చిన్నతనం కాదు. మీ దగ్గరా ఇచ్చేది ఉంది. అవ్వ చెప్పే కథ ఫోన్‌లో రికార్డు చేసి పిల్లలకు వినిపించడం మాలో చాలామందికి మీరే నేర్పాలి.

ఇక ఐటీడీఏ వాళ్లను అడగాల్సినవి. వేరే బడికి వెళ్లిన ఆ పూటను ఆన్‌డ్యూటీగా రాయాలి. ఆ పూట ఏకోపాధ్యాయ బడి మూతపడకుండా వాలంటీర్‌ను పంపాలి. భాష నేర్పే ఆయాకు ఆ పనికి వేరుగా డబ్బు ఇవ్వాలి. గూడెం నుంచి గూడేనికి ఆటో ఛార్జీ ఇవ్వాలి. తనిఖీకి వచ్చే జీపుకు డీజిల్ దొరుకుతున్నప్పుడు దీనికి దొరకదా అని ఈ జూన్‌లో బడులు తెరవకముందే అందరం కలిసి వెళ్లి అడుగుదాం.