పట్టాలు చెప్పే ఊరు

పాత అట్టపెట్టెలో ఒక రైలు ఫొటో. వెనక ఊరి పేరు లేదు, తేదీ లేదు. ఎక్కడిదో చెప్పగలరా?

ముందు పట్టాల మధ్య ఎడం చూడండి. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్ సరిగ్గా 1,000. ఇరుకుగా కనిపిస్తే గుంటూరు–గుంతకల్లు దారి కూడా కావచ్చు. అదీ ఒకప్పుడు మీటర్‌గేజే. కరెంటు స్తంభం ఉంటే భూతద్దం తీయండి. దాని పలక మీద కిలోమీటరు అంకె, స్తంభం వరస అంకె ఉంటాయి. స్టేషన్ పసుపు బోర్డు అడుగు అంచు దొరికినా చాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు తెలుస్తుంది. 996 మీటర్ల పైచిలుకని ఉంటే అరకు దారిలోని శిమిలిగుడను తలుచుకోండి.

ఇంజన్‌ను మాత్రం నమ్మకండి. ఒంటి మీద ‘లాలాగూడ’ అని ఉన్నంత మాత్రాన ఫొటో సికింద్రాబాద్‌లో తీసినట్టు కాదు. అది షెడ్డు పేరు. ఇల్లు అక్కడే అయినా తిరుగుడు దేశమంతా.

రాజమండ్రి దగ్గర గోదావరి ఇంకా తేలిక. వరసగా విల్లులు వంచినట్టు కాంక్రీటు కమానులుంటే 1990ల్లో కట్టిన వంతెన. పైన బస్సు, కింద రైలు పోతుంటే 1974 నాటిది. రాతి స్తంభాల మీద ఇనుప గడ్డర్లే ఉంటే, దాదాపు నూరేళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన. అంటే వంతెన ఊరినే కాదు, కాలాన్నీ చెబుతుంది.

ఈ సంచికలో అలాంటి ఫొటోలే ఉన్నాయి. జవాబులు చివరి పేజీలో. ముందే తిప్పకండి!

— సంపాదకుడు