గిటారుంది సరే, గొంతు సంగతేమిటి?

పరదేశంలో నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట ఎవరో ఒకరి దగ్గర గిటారు ఉంటుంది. ఆ ఒక్కరూ నాలుగు కార్డులు నేర్చుకుని, వాటితోనే నలభై సినిమా పాటలు లాగించేస్తుంటారు. వేళ్ళు కాయలు కాసేదాకా సాధన చేసిన ఆ మనిషి తన గొంతుకి మాత్రం ఒక్క పూటైనా పాఠం చెప్పించడు. ఇది అన్యాయమని నా వాదన. ముందు పాటకి అన్యాయం, ఆ తర్వాత తెలుగుకి.

నేనుండేది యాంగోన్‌లో. మన శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవాళ్ళకి "రంగం" అంటేనే తెలుస్తుంది. పగలు ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను, సాయంత్రం గిటారు వాయిస్తాను. రెండేళ్ళుగా వారానికి రెండు రోజులు పాట కూడా నేర్చుకుంటున్నాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మావాళ్ళకి నేనో వేళాకోళం అయిపోయాను. "ఈ వయసులో సరళీ స్వరాలేమిటండీ, ఏమైనా పెళ్ళిచూపులున్నాయా?" అన్నారొకాయన. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ నవ్వు వెనకాల ఉన్న అభిప్రాయాలు ఊరుకోదగ్గవి కావు.

మొదటి అభిప్రాయం: "గొంతు దేవుడిచ్చేది. బాలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?" శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే ఆయన "శంకరాభరణం" పాడారన్నది నిజమే. అయితే మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. అంటే ఇంట్లోనే పాట ఉంది, పలుకు ఉంది. 1966లో ఆయన చేత మొదటి సినిమా పాట పాడించిన కోదండపాణిగారిని జీవితాంతం గురువుగా తలచుకున్నారు, తన స్టూడియోకి ఆయన పేరే పెట్టుకున్నారు. బడికి వెళ్ళకపోవడం వేరు, గురువు లేకపోవడం వేరు. అంతటి గొంతు ఉన్న మనిషికే చెప్పేవాళ్ళు కావలసి వస్తే, మనలాంటి వాళ్ళం ఏ ధైర్యంతో వద్దంటున్నాం?

రెండో అభిప్రాయం సంగీతం తెలిసినవాళ్ళది. "గిటారు మనది కాదు. అది పట్టుకున్నవాడికి మన సంగీతం ఎక్కదు." ఈ మాట నాతో అన్న పెద్దమనిషి ముందు హార్మోనియం ఉంది! అది మాత్రం ఎక్కడిది? ఐరోపాదే. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేస్తే మళ్ళీ లోపలికి రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. వయొలిన్ మాత్రం? బాలుస్వామి దీక్షితర్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చుకోబట్టి గదా, తర్వాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మనదైంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సంగతి ఇంకా చిత్రం. ఆయనకి నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, కుర్రాడు దాన్ని తీగ మీదికి తెచ్చేవాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వాయిద్యం పరాయిదైతే ఫరవాలేదు, పాట గొంతులోంచి రావాలి.

ఈ రంగం వాళ్ళు కూడా అదే చేశారు. గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనప కడ్డీ జార్చి, తమ పాత పాటల్ని పలికిస్తారు. ఇక్కడి శాస్త్రీయ గాయని ఒక చేత్తో చిన్న తాళాలు, ఇంకో చేత్తో చెక్క పట్టుకుని, తన తాళం తనే వేసుకుంటూ పాడుతుంది. మన గాయకులు తొడ మీద తాళం వేసుకోవడం లాంటిదే. గిటారు వాయించేవాడు వేళ్ళతో నాలుగు లెక్కపెడతాడు గానీ, ఆ నాలుగులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అతనికి ఎవరూ చెప్పరు.

నా పాఠాల్లో మొట్టమొదటి పని నా శ్రుతి వెతకడం. గిటారు మూల పెట్టించి, "మీకు ఎక్కడ హాయిగా ఉందో అక్కడ సా పట్టుకోండి" అన్నారు టీచరుగారు. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. రికార్డులో ఏ శ్రుతి ఉంటే ఆ శ్రుతిలోనో, లేదా చేతికి ఏ కార్డులు సుళువైతే వాటిలోనో మొదలుపెడతాం. చరణం పైకి వెళ్ళేసరికి గొంతు చీలుతుంది. అప్పుడు గట్టిగా మీటి కప్పెట్టేస్తాం. మగవాళ్ళకి ఒకటి, ఒకటిన్నర, ఆడవాళ్ళకి అయిదు, అయిదున్నర అని మన పెద్దలు శ్రుతులు చెప్పుకున్నది ఊరికే కాదు. మన శ్రుతి మనకి తెలిస్తే, గిటారు మెడకి క్యాపో బిగించి ఆ శ్రుతికి తెచ్చుకోవడం అర నిమిషం పని. గొంతు కోసం గిటారుని జరపాలి, గిటారు కోసం గొంతుని హింసించకూడదు. ఇంకొకటి: గిటారు మెట్లు స్వరానికీ స్వరానికీ మధ్య గట్లు. గమకం ఆ గట్లు దాటే నీళ్ళు. మాయామాళవగౌళలో సరళీ వరసలు మూడు కాలాల్లో పాడాకే ఆ తేడా చెవికి అందుతుంది.

మూడో అభిప్రాయం: "కరావోకే ఉండగా ఇంత శ్రమ ఎందుకు?" ఈ ఊళ్ళో దీనికి నేను జవాబు చెప్పనక్కర్లేదు, కరెంటే చెబుతుంది. 2021 తర్వాత కోతలు మరీ పెరిగాయి. పండగ మధ్యలో స్పీకర్లు మూగబోతే మిగిలేది ఒక చెక్క గిటారు, పదిమంది గొంతులు. ఆ గొంతులు తయారుగా ఉన్నాయా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1931 జనాభా లెక్కల్లో ఈ నగరంలో సగానికి పైగా భారతీయులు. అందులో మనవాళ్ళని కోరంగీలు అనేవారు. 1839 ఉప్పెనకి కోరంగి రేవు దెబ్బతిన్నా పేరు ఇక్కడ నిలిచిపోయింది. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 అల్లర్లలో దెబ్బలు తిన్నారు. 1942లో జపాను బాంబులకి భయపడి అడవుల వెంట నడిచి పోయారు. 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఓడలెక్కి పోయారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. పోనివాళ్ళ మనవలూ మునిమనవలూ ఇక్కడ ఉన్నారు. వాళ్ళు బర్మీస్‌లో చదువుకుంటారు, బర్మీస్‌లోనే కలలు కంటారు. గుడిలో భజన, చర్చిలో కీర్తన, పండగ నాడు పాట, ఇంతవరకే చాలామందికి తెలుగు.

బర్మీస్ లిపిలో ట, డ, ణ, ళ ఉన్నాయి, కానీ నోట్లో అవి త, ద, న, ల లాగే పలుకుతాయి. "ర" ఇక్కడ "య" అయిపోతుంది. రంగూన్ యాంగోన్ అయింది అలాగే. రాముడు కూడా ఇక్కడ యాముడే. ఇది బర్మీస్ తప్పు కాదు, ఆ భాష తీరు అది. కానీ పాటలో కల, కాల, కళ ఒక్కటైపోతే మన భాషకి మిగిలేదేమిటి? వ్యాకరణం పుస్తకం ఇచ్చి ఆ పిల్లల్ని కూర్చోబెట్టలేం. ఒక పాటని అక్షరం అక్షరం సాగదీసి, దీర్ఘం దీర్ఘంగా, "ళ" నాలుక మడిచి పాడించగలం. పాట పాఠం అంటే అదే. పాడేవాడికి ముందు ఆ పలుకు రావాలి.

1988లో ఇక్కడి జనం వీధుల్లో పాడిన "కబా మ చే బూ" పాట వరస ఒక అమెరికన్ గిటారు పాటది. 2021లో మళ్ళీ అదే పాడారు. వరస అరువుదే, మాటలు వాళ్ళవి. జనం కళ్ళు తడిసింది ఆ మాటలకి.

కాబట్టి సంఘాల పెద్దలకి నా మనవి: ఉగాదికి స్పీకర్ల అద్దెకి పెట్టే డబ్బులో సగం ఒక పాటల టీచరుకి ఇవ్వండి. సంగీతం చెప్పేవారికి మనవి: గిటారుతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి పంపెయ్యకండి. ఇక గిటారు మిత్రులకి: అయిదో కార్డు తర్వాత నేర్చుకోవచ్చు, ముందు మీ సా ఎక్కడుందో కనుక్కోండి. మీరు పాడింది విని మీ పక్కనున్న పిల్ల "ళ" పలకడం నేర్చుకోబోతోంది.